‘పర్వాలేదండీ’ అన్న మాటకు మందు రాయడం

మానసిక వైద్యుని గదిలో తెలుగువాడు పలికే మాటలన్నింటిలోకీ నమ్మదగనిది ఒక్కటే: "పర్వాలేదండీ." నెలకోమారు, లేదా నెలన్నరకోమారు, రెండు గంటలు బయట బల్ల మీద కూర్చుని తన వంతు వచ్చాక లోపలికి వెళ్ళిన మనిషిని డాక్టరుగారు "ఎలా ఉన్నారు?" అని అడుగుతారు. "పర్వాలేదండీ" అంటాడు. పక్కనున్న భార్యో తల్లో "కొంచెం నయమేనండీ, కోపం మాత్రం తగ్గలేదు" అంటుంది. "నిద్ర?" "పడుతోందండీ." చీటీ మీద కలం కదులుతుంది. అర మాత్ర ఒకటవుతుంది, లేదా ఒకటి అర అవుతుంది. అంతా కలిపి ఐదు నిమిషాలు. ముప్ఫై రోజుల జీవితానికి ఐదు నిమిషాల సాక్ష్యం. ఆ సాక్ష్యంలోనూ సగం మర్యాద, సగం మరపు.

ఇదే మనిషి చక్కెరవ్యాధికి మరో డాక్టరు దగ్గరకు వెళితే వ్యవహారం వేరు. అక్కడ "పర్వాలేదండీ" చెల్లదు. పరగడుపున ఎంత, తిన్నాక ఎంత, మూడు నెలల సగటు ఎంత అని అంకెలడుగుతారు. లేకపోతే "పరీక్ష చేయించుకుని రండి" అని వెనక్కి పంపుతారు. బీపీ కొలుచుకుని పాత డైరీలో తేదీలవారీగా రాసుకునే పెద్దవాళ్ళు మనందరి ఇళ్ళల్లోనూ ఉన్నారు. వాళ్ళను ఎవరూ చాదస్తులనరు. క్రమశిక్షణ గల మనిషి అని మెచ్చుకుంటారు. మనోవ్యాధికి మందు వాడే మనిషి తన నిద్రనూ దిగులునూ అదే విధంగా రాసుకుంటే మాత్రం "అదే పనిగా దాన్నే తలుచుకుంటే రోగం ముదరదూ?" అంటారు. ఈ మాట అనేవారిలో ఇంటివారూ ఉన్నారు, బంధువులూ ఉన్నారు, వైద్యులూ ఉన్నారు. నా తగవు ప్రధానంగా ఈ మూడోవారితో. మిత్రులారా, మీలో వైద్యులెవరైనా ఉంటే కోప్పడవచ్చు గానీ, చివరిదాకా చదివి కోప్పడండి.

నేను అంటున్నది ఇది. మనోవ్యాధికి వాడే మందు పెంచాలన్నా, తగ్గించాలన్నా, మార్చాలన్నా ఆ నిర్ణయానికి ఆధారం రోగి తన చేత్తో, తన మాటల్లో, ఏ రోజుకారోజు రాసుకున్న లెక్క కావాలి. ఆ లెక్కలో ఏయే గడులుండాలో అచ్చుపుస్తకం కాదు, ఆ మనిషి రోగం నడిచే తీరే నిర్ణయించాలి. ఆ పుస్తకం రోగి సొత్తుగా ఉండాలి. ఇవి లేని వైద్యం గుడ్డెద్దు చేలో పడ్డ చందం.

నేను వైద్యుణ్ణి కాను. బైపోలార్ రోగం ఉన్న అక్కకు తమ్ముణ్ణి. నాకున్న అర్హత అంతే. అక్క అనుమతితోనే, ఊరూ పేరూ లేకుండా రాస్తున్నాను.

ముందు జ్ఞాపకం సంగతి చూద్దాం. 1996లో డొనాల్డ్ రెడెల్మయర్, డేనియల్ కానెమన్ అనే ఇద్దరు పెద్దపేగు పరీక్ష చేయించుకునే రోగులను ఆ పరీక్ష జరుగుతున్నంతసేపూ నిమిషనిమిషానికీ నొప్పి ఎంత అని అడిగి రాసుకున్నారు. అంతా అయ్యాక, మొత్తం మీద ఎంత నొప్పి అనిపించిందని మళ్ళీ అడిగారు. గుర్తున్న నొప్పికీ పరీక్ష ఎంతసేపు సాగిందన్నదానికీ దాదాపు పొంతన లేదు. అన్నింటికన్నా బాధపెట్టిన క్షణమూ, చివరి నిమిషాలూ - ఈ రెండే జ్ఞాపకాన్ని నిర్ణయించాయి. బాధపడిన కాసేపటికే జ్ఞాపకం ఇలా ఉంటే, నెల రోజుల దిగులు గురించి అడిగితే ఏం చెబుతాం? నిన్నటి సంగతీ, ఈ నెలలో ఇంట్లో జరిగిన పెద్ద గొడవా చెబుతాం. మిగిలిన ఇరవై ఎనిమిది రోజులూ గాలికి పోయినట్టే.

బైపోలార్ రోగంలో ఇది మరింత ఘోరం. కుంగిపోయిన మనిషికి తానెన్నడూ బాగున్నట్టు గుర్తుండదు. ఉద్రేకంలో ఉన్న మనిషికి తనకెన్నడైనా జబ్బు చేసినట్టే గుర్తుండదు. ఎవరిని అడుగుతున్నామో ఆ మనిషి జ్ఞాపకాన్నే రోగం తనకు కావలసినట్టు దిద్ది పెట్టుకుంటుంది. 1899లో ఈ రోగాన్ని ఇతర ఉన్మాదాల నుంచి వేరుచేసి చూపిన జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రెపెలిన్ ఆ పని ఎలా చేశాడు? ఒక్కొక్క రోగికి ఒక్కొక్క చీటీ పెట్టుకుని, వాళ్ళ రోగం ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, మళ్ళీ ఏ రూపంలో వచ్చింది అని ఏళ్ళ తరబడి పోగుచేసుకుని చేశాడు. ఒక్కరోజు రూపం చూస్తే రెండు రోగాలు ఒకటిగా కనబడవచ్చు, నడక చూస్తే వేరుపడతాయన్నది ఆయన పద్ధతి. 1980లలో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో రాబర్ట్ పోస్ట్, గాబ్రియెల్ లెవరిచ్ దానినే రోగులు తమంతట తాము రోజూ నింపుకోగల జీవన పట్టికగా మలిచారు. కనుక ఇది ఫోనులతో పాటు దిగిన కొత్త వేడుక కాదు. ఈ రోగానికి ఒక పేరంటూ వచ్చిందే లెక్క రాసుకోవడం వల్ల. ఆ లెక్కను పక్కన పెట్టి, పేరును మాత్రం ఉంచుకున్నాం.

ఇక అక్క సంగతి. అక్క బడిలో లెక్కలు చెప్పేది. ఇరవయ్యారో ఏట మొదటిసారి ఉద్రేకం వచ్చింది. ఆ తరువాత నాలుగేళ్ళు ఒకే డాక్టరుగారు చూశారు. ఆయన చెడ్డవారు కారు; పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి పదిదాకా జనమే. చిక్కు ఎక్కడంటే, ఉద్రేకంలో ఉన్నప్పుడు అక్క డాక్టరు దగ్గరకు రాదు. "నాకేం, నిక్షేపంలా ఉన్నాను. మీరే చూపించుకోండి" అంటుంది. దిగులులోకి జారాక, అమ్మ బతిమాలితే వస్తుంది. అందుచేత ఆయన చూసినప్పుడల్లా చూసినది దిగులుపడ్డ మనిషినే. చూసినప్పుడల్లా దిగులు తగ్గే మందు పెంచారు. తాను చూసినదాన్ని బట్టి ఆయన చేసినది సబబే. ఆయన చూడనిది ఇంట్లో జరుగుతోంది. నాలుగేళ్ళలో రెండుసార్లు ఆసుపత్రిలో చేర్చాం.

పుస్తకం మొదలుపెట్టినది అక్కే, ఎవరూ చెప్పలేదు. లెక్కల టీచరుకు గడులు గీయడం ఒకరు నేర్పాలా! మొదటి గడిలో నిద్ర, గంటల్లో. రెండో గడిలో దిగులు, సున్నా నుంచి పది దాకా. మూడో గడిలో వేసుకున్న మాత్రలు, మోతాదుతో సహా. నాలుగో గడిలో నెలసరి. ఇవి ఏ దేశపు పట్టికలోనైనా ఉండేవే. ఐదో గడి పేరు ముగ్గు.

ఇది కాస్త వివరించాలి. దిగులు రోజుల్లో అక్క గుమ్మం ముందు నాలుగు గీతలు గీసి లోపలికి వచ్చేస్తుంది, లేదా ఆ పని అమ్మ మీద పడుతుంది. మామూలు రోజుల్లో ఏడు చుక్కల ముగ్గు. ఉద్రేకం వచ్చే ముందు చుక్కలు పదకొండవుతాయి, పదిహేనవుతాయి. సంక్రాంతి కాకపోయినా రంగులు దిగుతాయి. ముగ్గు మా గేటు దాటి పక్కవారి గేటు ముందుకు పోతుంది. వీధివాళ్ళు "ఎంత బాగా వేశావే" అని మెచ్చుకుంటారు. ఆ మెచ్చుకోలు వినబడినప్పుడల్లా అమ్మ మొహం పాలిపోయేది. కారణం ఏమిటో అమ్మ ఎన్నడూ చెప్పలేదు గాని ఆమెకు అందరికన్నా ముందే తెలుసు. అక్క ఆ చుక్కల సంఖ్యను అంకెగా వేసుకునేది. ఆరో గడిలో ఆ రోజు తాను ఫోను చేసిన మనుషుల లెక్క.

పద్నాలుగు నెలలు రాసింది. ఆ పుస్తకం పట్టుకుని వెళితే డాక్టరుగారు "ఇవన్నీ నీకెందుకమ్మా, మేమున్నాం కదా" అని తెరవకుండానే తిరిగి ఇచ్చారు. ఆ రోజు అక్క మొహం నేను వర్ణించను.

తరువాత వేరే ఊళ్ళో చూపించిన డాక్టరమ్మగారు దాన్ని పది నిమిషాలు తిరగేశారు. ఆ పది నిమిషాలూ మాతో ఒక్క మాట మాట్లాడలేదు. మందుల గడిలో మోతాదు పెరిగిన ప్రతి తేదీ దగ్గరా పెన్సిలుతో చిన్న గీత పెట్టుకుంటూ పోయారు. నాలుగు గీతలు తేలాయి. ఆ నాలుగింటిలో మూడింటి తరువాత, రెండు మూడు వారాల లోపల, నిద్ర ఏడు గంటల నుంచి నాలుగున్నరకు దిగింది. ముగ్గు ఏడు చుక్కల నుంచి పదిహేనుకు ఎక్కింది. "ఈ ముగ్గు అంటే ఏమిటి?" అని అడిగి, విని, నవ్వకుండా తన చీటీలో రాసుకున్నారు.

దిగులు తగ్గించే మందు బైపోలార్ రోగిని ఒక్కొక్కప్పుడు ఉద్రేకంలోకి తోస్తుందన్నది వైద్య విద్యార్థులందరికీ తెలిసిన పాఠం. మొదటి డాక్టరుగారికి తెలియక కాదు. ఆ పాఠం మా అక్క విషయంలో, ఫలానా తేదీ తరువాత, నిజమవుతోందని ఆయనకు తెలియలేదు. తెలియడానికి ఉన్న ఒకే ఒక్క దారిని ఆయన తిరిగి మా చేతికిచ్చారు. డాక్టరమ్మగారు ఆ మందును నెమ్మదిగా తగ్గించి, లిథియం మోతాదును రక్తపరీక్షతో సరిచేశారు. లిథియాన్ని చివరి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు రక్తం తీసి కొలుస్తారు. ఆ అంకె చూడకుండా మోతాదు తేల్చరు. మందు ఎంత ఉందో కొలవడానికి ఇంత నియమం పాటించే శాస్త్రం, ఆ మందు ఎవరి కోసమో ఆ మనిషి ఎలా ఉందో తెలుసుకోవడానికి "పర్వాలేదండీ"తో సరిపెట్టుకోవడం నాకు ఎప్పటికీ అర్థం కాదు.

అద్భుతాలు జరగలేదు. దిగులు రోజులు ఇప్పటికీ వస్తాయి. ఆసుపత్రిలో చేర్చవలసిన అవసరం మాత్రం ఆ తరువాత రాలేదు. పుస్తకం లోపలి అట్ట మీద, డాక్టరమ్మగారూ అక్కా కలిసి ఒప్పుకున్న రెండు వాక్యాలు అక్క చేతిరాతలో ఉన్నాయి: వరుసగా రెండు రాత్రులు ఐదు గంటలకన్నా తక్కువ నిద్ర, ముగ్గు పదకొండు చుక్కలు దాటడం, రెండూ కలిస్తే అపాయింట్‌మెంటు కోసం చూడకుండా ఫోను చేయాలి. ఫోను చేయవలసినది అక్క. ఆమె చేయకపోతే నేను.

ఒక్క ఇంటి కథ పట్టుకుని సిద్ధాంతం చేస్తున్నావా అంటారేమో. ఇంగ్లండులో ఆలిసన్ పెరీ, నికొలస్ టారియర్ ప్రభృతులు చేసిన ప్రయోగం ఒకటి 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. 69 మంది బైపోలార్ రోగులు. అందరికీ మామూలు వైద్యం ఉంది. ఒక గుంపుకు మాత్రం అదనంగా, తమకు రోగం తిరగబెట్టే ముందు కనబడే తమ తమ తొలి గుర్తులను పట్టుకోవడమూ, కనబడగానే వైద్యుని దగ్గరకు పరుగెత్తడమూ నేర్పారు. అందరికీ ఒకే జాబితా ఇవ్వలేదు. ఎవరి గుర్తులు వారివే. మామూలు గుంపులో నాలుగోవంతు మందికి ఉద్రేకం తిరగబెట్టడానికి 17 వారాలు పట్టింది. నేర్చుకున్న గుంపులో 65 వారాలు పట్టింది. నలభై ఎనిమిది వారాల తేడా ఏ కొత్త మాత్రా ఇవ్వకుండా వచ్చింది. కుంగుబాటు తిరగబెట్టడంలో మాత్రం ఇలాంటి లాభం కనబడలేదు. అది కూడా చెప్పకపోతే నేనూ మందుల కంపెనీ ప్రతినిధీ ఒకటే అవుతాం.

కుంగుబాటుకు మరో సాక్ష్యముంది. చైనాలో 120 మంది కుంగుబాటు రోగుల మీద చేసిన ప్రయోగం 2015లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో అచ్చయింది. రెండు గుంపులకూ అవే రెండు మందులు. ఒక గుంపుకు వైద్యులు తమ అలవాటు ప్రకారం మోతాదు నిర్ణయించారు. రెండో గుంపులో రోగలక్షణాలను ప్రతిసారీ కొలిచి, ఆ కొలతను బట్టి మోతాదు నిర్ణయించారు. 24 వారాల తరువాత పూర్తిగా తేరుకున్నవారు మొదటి గుంపులో నూటికి 28.8 మంది. కొలిచిన గుంపులో 73.8 మంది. ఒక కొత్త మందు ఇందులో సగం తేడా చూపించినా దినపత్రికల్లో మొదటి పేజీలో వచ్చేది. కొలతకు పేటెంటు లేదు, కనుక వార్తా లేదు.

అయితే ఇక్కడొక గొడవ ఉంది. కొలత అనగానే పెద్ద ఆసుపత్రులవాళ్ళు ఒక అచ్చుకాగితం తీసి చేతిలో పెడతారు. అందులో బాగా వాడుకలో ఉన్నది 2001లో ప్రచురితమైన పీహెచ్‌క్యూ-9. గత రెండు వారాలను గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కొక్కదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. నేను దాని శత్రువును కాను. ఏమీ లేనిచోట అదైనా నయమే. కానీ అందులో ఉద్రేకం ఊసే లేదు. నిక్షేపంలా ఉన్నానంటూ అర్ధరాత్రి మూడు రంగుల ముగ్గు వేస్తున్న అక్క చేత దాన్ని నింపిస్తే బహుతక్కువ మార్కులు వస్తాయి. కాగితం ప్రకారం ఆమె వీధిలో అందరికన్నా ఆరోగ్యవంతురాలు.

కుంగుబాటు వరకే చూసినా, అది ఒక్క రూపంలో ఉండే రోగం కాదు. ఐకో ఫ్రీడ్, రాండాల్ఫ్ నెస్సీ 2015లో అమెరికాలోని 3,703 మంది కుంగుబాటు రోగుల లక్షణాలను వరుసబెట్టి చూస్తే 1,030 వేర్వేరు లక్షణాల కలయికలు తేలాయి. అన్నింటికన్నా ఎక్కువమందిలో కనబడిన కలయిక కూడా నూటికి ఇద్దరిలోపే ఉంది. ఒకే పేరు గల రోగం, వెయ్యి ముఖాలు. ఒకడికి నిద్ర పోతుంది, మరొకడు పద్నాలుగు గంటలు పడుకుంటాడు. ఇద్దరికీ అదే మొత్తం మార్కులు రావచ్చు. మార్కులు కూడితే మనిషి మాయమవుతాడు.

మన భాషలో దిగులు దిగులుగా మాత్రమే రాదు కూడా. "తల దిమ్మెక్కింది", "గుండె పీకుతోంది", "ఒళ్ళంతా మంటలు", "కాళ్ళూ చేతులూ లాగేస్తున్నాయి", "ఏమీ తోచడం లేదు". ఇది మన వెనుకబాటుతనమని కొందరు చదువుకున్నవారి అభిప్రాయం. 1999లో వచ్చిన ఒక అంతర్జాతీయ పరిశీలనలో - బెంగుళూరు కూడా అందులో ఒక కేంద్రం - కుంగుబాటు ఉన్న 1,146 మందిలో నూటికి 69 మంది డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడు చెప్పుకున్నవి శరీరబాధలే. అంటే లోకమంతటా జరిగేదే ఇది. కాబట్టి ఒళ్ళు మంటలే గుర్తుగా ఉన్న ముసలమ్మ పట్టికలో ‘ఒళ్ళు మంటలు’ అనే గడి ఉండాలి; ‘ఆసక్తి లోపించుట’ అని ఎవరో తర్జుమా చేసిన గడి కాదు. లండనులో ఎం. బి. షపీరో 1961లోనే ఈ పని చేసి చూపించాడు: రోగి తన బాధలను తన మాటల్లో చెబితే ఆ మాటలనే వాక్యాలుగా రాసి, ఆ వాక్యాలతోనే వారం వారం కొలిచే పద్ధతి. అరవై ఏళ్ళు దాటింది. అదే పనిని మా అక్క ముగ్గు చుక్కలతో చేసింది.

ఇక ఆక్షేపణలు. అన్నింటిలో గట్టిది మొదట చెప్పినదే: రోజూ రాస్తే అదే ధ్యాస అవుతుందని. డెన్మార్కులో మారియా ఫౌర్‌హోల్ట్-యెప్సెన్ బృందం బైపోలార్ రోగులకు ఫోనుల్లో రోజువారీ లెక్క పెట్టించి 2015లో ఫలితాలు ప్రకటించింది. మొత్తం మీద లాభం తేలలేదు. సరికదా రాసినవారిలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువకాలం నిలిచే సూచనలు కనబడ్డాయి. అక్కడ వైద్య సిబ్బంది చూసి స్పందించే ఏర్పాటు కూడా ఉంది, కాబట్టి "ఎవరూ చదవకపోవడం వల్ల" అని తప్పించుకునే వీలు నాకు లేదు. ఈ ఫలితాన్ని నేను ఒప్పుకుంటాను. దీన్నిబట్టి నాకు తోచేదేమంటే, రాయడం కూడా మందులాంటిదే, దానికీ మోతాదు ఉంది. దిగులు ఏడు దాటిన రోజుల్లో అక్క నిద్ర గడి ఒక్కటే నింపి తక్కినవి వదిలేస్తుంది. ఒక్క నిమిషం మించి పుస్తకం ముందు కూర్చోదు. కొందరికి అసలు సరిపడకపోవచ్చు; వారు మానేయాలి. ఒక మందు పదిమందిలో ఇద్దరికి పడలేదని తక్కిన ఎనిమిదిమందికీ నిషేధించే వైద్యుడు లేడు గదా!

రెండో ఆక్షేపణ: రోగులు అబద్ధపు లెక్కలు రాస్తారని. రాస్తారు. 2002లో ఆర్థర్ స్టోన్ బృందం దీర్ఘకాలపు నొప్పులున్న రోగులకు కాగితపు డైరీలిచ్చి, ఆ డైరీ ఎప్పుడు తెరిచారో రహస్యంగా కనిపెట్టే పరికరం అందులో అమర్చింది. వేళకు నింపామని రోగులు రాసుకున్నది నూటికి 90 సార్లు. నిజంగా నింపినది 11 సార్లు. అంటే తక్కినవన్నీ డాక్టరు దగ్గరకు పోయే ముందు కూర్చుని బరికినవే కావచ్చు. దీనికి కారణం రోగుల దుర్బుద్ధి కాదు, బడిపిల్లల భయం. ఖాళీ గడి చూపిస్తే కసురుతారన్న భయం. ఖాళీని ఖాళీగా వదిలే హక్కు ముందే ఇచ్చేస్తే అబద్ధం అవసరమే ఉండదు. అక్క పుస్తకంలో ఖాళీలు బోలెడు. ఖాళీలు వరుసగా పడిన వారాల తరువాతి పేజీలను డాక్టరమ్మగారు మరింత శ్రద్ధగా చూస్తారు.

"రోజుకు వందమందిని చూసేవాళ్ళం, పుస్తకాలు చదువుతూ కూర్చోమంటావా?" అన్నది మూడోది. మన దేశంలో లక్ష జనాభాకు ఒక్క మానసిక వైద్యుడైనా లేడు. 2015-16లో నిమ్‌హాన్స్ వారు చేసిన జాతీయ సర్వే ప్రకారం మనోవ్యాధులున్నవారిలో, ఆయా వ్యాధిని బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి వైద్యమే అందడం లేదు. (ఆ సర్వే పన్నెండు రాష్ట్రాల్లో జరిగింది. మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ పన్నెండింటిలో లేవు. ఆ సర్వేలో మన దిగులు లెక్కకు రాలేదన్నమాట.) వైద్యుడు ఇంత అరుదుగా దొరికేచోట, దొరికిన ఐదు నిమిషాలూ "పర్వాలేదండీ"కి ఖర్చు చేయడమే దుబారా. ఒక పేజీలో నెల రోజుల నిద్ర గీత చూడడానికి అర నిమిషం చాలు. లెక్కలు రాని తమ్ముడిగా చెబుతున్నాను, నాకే కనబడుతుంది.

చదువురానివారి సంగతో? మన ఇళ్ళల్లో గోడ మీద వేలాడే తెలుగు క్యాలెండరు చూడండి. పాలు రాని రోజు సున్నా, గ్యాసు బండ మార్చిన రోజు గీత, పనిమనిషి నాగా పెట్టిన రోజు ఇంటూ గుర్తు. అక్షరం రాని అమ్మలు కూడా దశాబ్దాలుగా ఈ లెక్కలు తప్పకుండా నడుపుతున్నారు. నిద్రపట్టని రాత్రికి ఒక నల్ల చుక్క పెట్టుకోవడం వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. ఆ క్యాలెండరు కాగితం చింపుకుని రమ్మని అడిగే డాక్టరు కావాలి, అంతే.

ఒక హెచ్చరిక. చచ్చిపోవాలన్న తలపు వచ్చిన రోజున గడి నింపి ఊరుకోకూడదు. దానికి పుస్తకం పనికిరాదు, మనిషి కావాలి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ-మానస్ సంఖ్య 14416. ఏ వేళలోనైనా చేయవచ్చు.

చివరగా పుస్తకం ఎవరిదన్న తగవు. ఇదంతా చదివి, ఎవరో ఒక మిత్రుడు "దీనికి ఒక ఆప్ ఉంది కదా" అంటాడని నాకు తెలుసు. ఉన్నాయి, వందలకొద్దీ. అమెరికాలో ఫోను ద్వారా మానసిక సలహాలిచ్చే బెటర్‌హెల్ప్ అనే సంస్థ, చేరేటప్పుడు జనం నింపిన ఆరోగ్య ప్రశ్నల సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటివాటికి చేరవేసిందన్న ఆరోపణ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంటే 2023లో 78 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థకు 2015 దాకా అధిపతిగా ఉన్న థామస్ ఇన్సెల్ అంతటివాడు 2017లో చేరిన మైండ్‌స్ట్రాంగ్ అనే సంస్థ, ఫోను మీద వేళ్ళు కదిలే తీరును బట్టి మనసు స్థితి కనిపెడతానంది. రోగి ఏమీ రాయనక్కరలేదు, యంత్రమే చూసుకుంటుంది! ఆ సంస్థ 2023లో మూతపడింది. అది చూసినది మనిషి కదలికను. ఆ కదలికకు అర్థమేమిటో రోగిని అడగలేదు. నా దృష్టిలో నిఘాకూ లెక్కకూ ఉన్న తేడా అదే. అక్క ముగ్గు చుక్కలను నేను రహస్యంగా లెక్కపెట్టి ఉంటే, అంకెలు అవే అయినా, ఆ పుస్తకాన్ని నేను ఈ టపాలో సమర్థించేవాణ్ణి కాను.

ఆప్‌లకన్నా దగ్గరి ప్రమాదం ఇంట్లోనే ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 13వ సెక్షను మనోవ్యాధిని విడాకులకు ఒక కారణంగా గుర్తిస్తుంది. తీవ్రత ఎంత ఉండాలో చట్టంలో చెప్పారు గాని, ఆడపిల్ల అత్తవారింటి బీరువాలో అటువంటి పుస్తకం దొరికితే కోర్టుదాకా పోనక్కరలేదు, పెద్దమనుషుల పంచాయతీలోనే తీర్పయిపోతుంది. కనుక రాయమని చెప్పే వైద్యులు, ఎక్కడ దాచుకోవాలో కూడా చెప్పాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షనులో రోగి రహస్యాన్ని కాపాడే హక్కునూ, 25వ సెక్షనులో తన వైద్య పత్రాలను తాను చూసుకునే హక్కునూ ఇచ్చింది. ఆసుపత్రి ఫైలులో రాసినది చూపించమని అడిగే హక్కు మనకుంది. మనం రాసినది చూడండి అని వారిని అడిగే హక్కు మాత్రం ఏ సెక్షనులోనూ లేదు. దానికి నోరే ఉండాలి.

అక్క గీసిన గడులను ఒక్క పేజీ పట్టికగా, పెద్ద అక్షరాలతో, పూర్తిగా తెలుగులో తయారుచేశాను. తేదీ, నిద్ర గంటలు, దిగులు, మాత్రలు, నెలసరి. చివరి రెండు గడులకు పేరు పెట్టలేదు; ఎవరికి వారే పెట్టుకోవాలి. కావలసినవారు వ్యాఖ్యలో అడగండి, పంపుతాను. మీ ఊళ్ళో డాక్టరుగారు దాన్ని తెరిచి చూస్తే, చూశారని ఒక్క ముక్క రాయండి. తెరవకుండా తిరిగి ఇస్తే అది కూడా రాయండి.